గృహవిజ్ఞానము: వైఫై కలియును, ఇంటర్నెట్టు రాదు



ఈ శీర్షిక క్రింద వంటయింటి పొయ్యి మొదలుకొని మిద్దెమీది నీటితొట్టి వఱకు ఇంటికి వలసిన వస్తువులను గూర్చి ముచ్చటించుకొనుచున్నాము. లాప్‌టాపును గూర్చి యిచ్చట వ్రాయుట యేల యని కొంద ఱడుగవచ్చును. అదియు నేడు ఇంటి సామానులలో నొకటియైనది. పిల్లల చదువులు, పరీక్షల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, అత్తమామల పింఛను కాగితములు, కొందఱు సోదరీమణుల జీవనోపాధి, ఇవి యన్నియు దానిమీదనే నడచుచున్నవి. అది మొరాయించిన వేళ ఇంట నుండునది తఱచుగా మనమే. అట్టి వేళ ‘అది మనకు తెలిసిన పని గాదు’ అని చేతులు కట్టుకొని కూర్చుండినచో నష్టపడునది మన బిడ్డలు.

క్రిందటి నెలలో ఒక సోదరి వ్రాసిన యుత్తరము మమ్ము మిక్కిలి నొప్పించినది. ఆమె కొమార్తె యొక ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టవలసి యుండెను. గడువు ముగియు నాటి సాయంకాలము లాప్‌టాపు తెఱచి చూడగా వైఫై కలిసినట్లు కనబడెను గాని యొక్క పుటయు తెఱచుకొనలేదు. తండ్రి పొరుగూర నుండెను. తల్లి తన ఫోను తీసి చూడగా అందులో అన్నియు వచ్చుచుండెను. “ఫోనులో వచ్చుచున్నది గదా, కాబట్టి చెడినది లాప్‌టాపే” అని యిరుగుపొరుగువారు తీర్పు చెప్పిరి. తల్లియు కూతురును దానిని దుకాణమునకు మోసికొని పోయిరి. దుకాణదారు లోపలి భాగమేదో మార్చవలెనని చెప్పి, యంత్రము నుంచి పొమ్మనెను. గడువు దాటిపోయెను. మఱునాడు తండ్రి వచ్చి విచారింపగా తెలిసినదేమనగా, ఇంటి ఇంటర్నెట్టు చందా ఆ ముందునాటి ఉదయమే ముగిసియుండెను! లాప్‌టాపులో దోషమేమియు లేదు. ఫోను తన సిమ్ములోని డేటాతో పనిచేయుచుండెను. ఆ బాలిక యిప్పుడు మఱియొక సంవత్సరము వేచియుండవలసి వచ్చినది. “నాకు తెలియకపోవుటచేత నా బిడ్డకు ఏడాది పోయినది” అని ఆ తల్లి వ్రాసినది.

అమ్మా, తప్పు మీది గాదు. ఈ సంగతిని మీకు ఎవ్వరును చెప్పియుండలేదు. చెప్పవలసినది పది నిమిషముల మాట. ఆ మాటయే ఈ నెల వ్రాయుచున్నాము.

రెండు దారులు

మిద్దెమీది నీటితొట్టిని తలచుకొనుడు. వంటయింటి కొళాయికిని ఆ తొట్టికిని నడుమ నొక గొట్టము గలదు. తొట్టికిని వీధిలోని మునిసిపాలిటీ గొట్టమునకును నడుమ మఱియొకటి గలదు. కొళాయిగొట్టము చక్కగా నున్నంత మాత్రమున నీరు రాదు. వీధినుండి తొట్టిలోనికి నీ రెక్కవలెను. మన యింట వైఫై నిచ్చు రౌటరు పెట్టె ఆ తొట్టివంటిది. లాప్‌టాపునుండి రౌటరు వఱకు గల తీగలేని దారి మొదటిది. రౌటరునుండి తీగ వెంబడి కంపెనీవారి ద్వారా లోకమునకు పోవు దారి రెండవది.

వైఫై కలిసినదని లాప్‌టాపు చెప్పినప్పుడు అది మొదటి దారిని గూర్చి మాత్రమే చెప్పుచున్నది. తెర క్రింది కుడిమూల విసనకఱ్ఱవలె కనబడు గుఱుతులో గీతలన్నియు నిండుగా నున్నచో, రౌటరునుండి మనకు బలమైన సంకేతము వచ్చుచున్నదని యర్థము. అంతే గాని ఇంటర్నెట్టు వచ్చుచున్నదని గాదు. ఇప్పటి విండోస్ లాప్‌టాపులలో రెండవ దారి తెగినచో విసనకఱ్ఱ పోయి గోళపు గుఱుతు వచ్చును. ‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’ అను మాటలు కనబడుచుండును. ‘సెక్యూర్డ్’ అను మాటను చూచి భ్రమపడరాదు. మీ వైఫైకి పాస్‌వర్డు కాపలా కలదని మాత్రమే దాని భావము.

కాబట్టి మనము చేయవలసినది యంత్రమును విప్పుట గాదు. దారి యెచ్చట తెగినదో కనిపెట్టుట. కొళాయి రానప్పుడు కొళాయిని విఱుగగొట్టము గదా! మొదట తొట్టి చూతుము, పిమ్మట వీధి చూతుము. ఇదియు నట్లే.

మొదటి ప్రశ్న: రానిది ఒక్కదానికా, అన్నిటికా?

ఇంటిలోని ఫోనును అదే వైఫైకి కలిపి చూడుడు. అయితే దానికి ముందు ఫోనులోని మొబైల్ డేటాను తప్పక ఆపివేయుడు. ఈ యొక్క మాట మఱచుటచేతనే మన సోదరికి నష్టము కలిగినది. వైఫైలో ఇంటర్నెట్టు లేదని గ్రహించిన వెంటనే చాల ఫోనులు చడిచప్పుడు లేక తమ సిమ్ములోని డేటాకు మారిపోవును. మనము వైఫై బాగున్నదనుకొందుము. డేటా ఆపివేసిన పిమ్మట, ఎన్నడును చూడని పుట నొకదానిని తెఱచి చూడుడు. నిన్న చూచిన పుటయైనచో ఫోను దాచియుంచినదే చూపవచ్చును.

ఫోనుకు కూడ రానిచో దోషము రౌటరులోగాని, దానికి ఆవలగాని యున్నది. లాప్‌టాపును ముట్టవలదు. ఫోనుకు వచ్చి లాప్‌టాపునకు రానిచో దోషము లాప్‌టాపువైపు నున్నది. ఈ యొక్క పరీక్షతో పనిలో సగము తీఱిపోవును. దుకాణమునకు పోవుట, రౌటరు మార్చుట, కంపెనీవారితో వాదించుట, ఇవి యన్నియు దీని తరువాతి మాటలు.

రౌటరువైపు దోషమైనచో

మొట్టమొదట చందా చూచుకొనుడు. గడువు ముగిసిన నాడు అనేక కంపెనీలవారు వైఫైని ఆపరు, ఆపలేరు. వైఫై మన పెట్టెనుండి వచ్చునది. వారు రెండవ దారిని మాత్రము మూయుదురు. చందా కట్టినట్లు వచ్చిన సందేశమును ఫోనులో వెదకి తేదీ చూడుడు.

పిమ్మట పెట్టెమీది దీపములను చూడుడు. నేడు అనేక గృహములకు ఇంటర్నెట్టు ఫైబరు తీగ ద్వారా వచ్చుచున్నది. ఫైబరనగా వెండ్రుకవంటి సన్నని గాజుపోగు. దానిలో ప్రవహించునది విద్యుత్తు గాదు, వెలుతురు. ఆ తీగ వచ్చి చేరు పెట్టెమీద సాధారణముగా ‘పాన్’ అనియు ‘లాస్’ అనియు గుఱుతులుగల రెండు దీపము లుండును. మొదటిది నిలకడగా పచ్చగా వెలుగుచున్నచో కంపెనీవారినుండి వెలుతురు వచ్చి చేరుచున్నదని తెలిసికొనవచ్చును. రెండవది ఎఱ్ఱగా మినుకుమినుకు మనుచున్నచో వెలుతురు రాక నిలిచిపోయినదని భావము. ఇంటిలో బీరువాగాని మంచముగాని జరిపినప్పుడు తీగ నలిగినదేమో, మడతపడినదేమో చూడుడు. గాజుపోగు గనుక బిగువుగా వంచినచో వెలుతురు కారిపోవును, లేక పోగు తెగును. ఇంటిలో నేమియు లేనిచో బయట స్తంభమువద్దనో మిద్దెమీదనో తెగియుండును. అది కంపెనీవారి మనుష్యుడు వచ్చి అతుకవలసినదే. తీగకొనను ఊడదీసి కంటివద్ద పెట్టుకొని చూడరాదు. అందులోని వెలుతురు కంటికి కనబడనిది, కంటికి హాని చేయగలది. పిల్లలకును ఈ మాట చెప్పుడు.

దీపములు సరిగా నున్నను ఇంటర్నెట్టు రానిచో పెట్టెకు కొంచెము విశ్రాంతి నీయుడు. గోడవద్ద స్విచ్చి ఆపి 30 సెకండ్లు ఆగి మఱల వేయుడు. రెండు పెట్టెలున్నచో ఫైబరు వచ్చుదానిని ముందు వేసి, దాని దీపములు నిలకడపడిన పిమ్మట రెండవదానిని వేయుడు. వెంటనే రాలేదని మఱల మఱల ఆపి వేయరాదు. మూడు నాలుగు నిమిషములు వేచియుండవలెను. రాత్రింబవళ్లు నడచు పెట్టెలో పాత లెక్కలు చిక్కుపడి యుండును. ఆపి వేయుటవలన అవి చెరిగి క్రొత్తగా నారంభమగును.

ఇచ్చట నొక హెచ్చరిక. పెట్టె వెనుకగాని యడుగునగాని సూదిమొన పట్టునంతటి చిన్న రంధ్రముండును. దాని ప్రక్కన ‘రీసెట్’ అని యుండును. పిన్నీసుతో దానిని పొడిచినచో బాగుపడునని కొందఱు చెప్పుదురు. అట్లు చేయవలదు. కంపెనీవారు అమర్చి పెట్టిన ఖాతా పేరు, పాస్‌వర్డు మొదలగునవి యన్నియు దానితో తుడిచిపెట్టుకొని పోవచ్చును. స్విచ్చి ఆపి వేయుట వేఱు, రీసెట్ చేయుట వేఱు. మొదటిది నిద్ర లేపుట; రెండవది జ్ఞాపకము పోగొట్టుట.

లాప్‌టాపువైపు దోషమైనచో

ఇచ్చట చూడవలసినవి కొన్ని కలవు. తేలికవానితో మొదలుపెట్టి వరుసగా చూడుడు. ఒక్కొక్కటి చేసిన వెంటనే పుట తెఱచుకొనునేమో చూచి, వచ్చినచో అంతటితో నిలుపుడు.

మొదట గుఱుతు చెప్పుచున్నది నిజమేనా యని చూడుడు. విండోస్ యంత్రము ఇంటర్నెట్టు కలదో లేదో తెలిసికొనుటకు మైక్రోసాఫ్టువారి చిన్న పుట నొకదానిని తెచ్చుకొనుటకు ప్రయత్నించును. అది రానిచో లేదని గుఱుతు వేయును. ఒక్కొక్కప్పుడు ఆ పుటకు మాత్రమే దారి మూసుకొని, తక్కిన లోకమంతయు తెఱచియుండును. కాబట్టి గుఱుతును నమ్మక, రెండు మూడు వేఱువేఱు పుటలు తెఱచి చూడుడు.

రెండవది, వీపీఎన్. ఇంటినుండి కార్యాలయపు పని చేయువారి లాప్‌టాపులలో నిది యుండును. అది యొక సొరంగమువంటిది. దాని ఆవలి కొన మూసికొనినప్పుడు మన రాకపోకలన్నియు అందులోనే నిలిచిపోవును. దానిని ఆపి చూడుడు. సెట్టింగులలో ‘ప్రాక్సీ’ అను చోట ఏదైన చిరునామా వ్రాసియున్నచో అదియు నిట్టి యడ్డంకియే కావచ్చును. కార్యాలయమువారి లాప్‌టాపైనచో దానిని మార్చక వారి నడుగుడు. ఇంటిదైనచో ఆపి చూడవచ్చును.

మూడవది, రీస్టార్ట్. ‘నేను ఆపి వేసితిని గదా’ అని పలువురందురు. ఇచ్చట నొక రహస్యము గలదు. విండోస్ యంత్రములో ‘షట్ డౌన్’ చేసినప్పుడు త్వరగా మేల్కొనుటకై తన స్థితిలో కొంత భాగమును దాచుకొని పండుకొనును; చిక్కు కూడ దానితోనే దాగియుండవచ్చును. ‘రీస్టార్ట్’ చేసినప్పుడు మాత్రము సంపూర్ణముగా క్రొత్తగా లేచును. కాబట్టి ‘రీస్టార్ట్’ అనుదానినే నొక్కుడు.

నాలుగవది, గడియారము. దీనికిని ఇంటర్నెట్టుకును సంబంధమేమి యని ఆశ్చర్యపడకుడు. బ్యాంకులు, పరీక్షల కార్యాలయములు మొదలగువాని పుటలు తాము నిజమైనవారమని చూపుటకు ఒక ధ్రువపత్రము నిచ్చును. దానికి ఆరంభపు తేదీయు ముగింపు తేదీయు గలవు. మన లాప్‌టాపు గడియారము కొన్ని యేండ్లు వెనుకబడియున్నచో ఆ పత్రము ఇంకను అమలులోనికి రానిదని తలచి పుటను తెఱువనీయదు. ఏండ్ల తరబడి వాడిన యంత్రములలోపలి చిన్న నాణెమువంటి బ్యాటరీ నీరసించినప్పుడు ఇట్లు జరుగుచుండును. తేదీ, సంవత్సరము సరిచేసినంతనే అన్నియు తెఱచుకొనును. మాటిమాటికి తేదీ వెనుకకు పోవుచున్నచో ఆ నాణెపు బ్యాటరీని మార్పించుడు. అది పెద్ద ఖర్చు గాదు.

అయిదవది, పరిచయము మఱచి మఱల చేసికొనుట. సెట్టింగులలో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’, అందులో ‘వైఫై’, అందులో ‘మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్’ అను వరుసలో పోయి మీ యింటి వైఫై పేరు ప్రక్కన ‘ఫర్‌గెట్’ అనుదానిని నొక్కుడు. పిమ్మట మఱల ఆ పేరును ఎంచుకొని పాస్‌వర్డు వ్రాసి కలుపుడు. పాస్‌వర్డు చేతనుంచుకొనకుండ ఈ పని కుపక్రమింపవలదు.

ఆఱవది, ఇంటి నంబరు. వీధిలోని ప్రతి యింటికి నంబరున్నట్లే వైఫైలో కలిసిన ప్రతి యంత్రమునకు రౌటరు ఒక నంబరు నిచ్చును. అదే వైఫై యొక్క ‘ప్రాపర్టీస్’ అను చోట ‘ఐపీవీ4 అడ్రెస్’ అని కనబడును. సాధారణముగా అది 192.168 అని గాని 10 అని గాని మొదలగును. అది 169.254 అని మొదలైనచో రౌటరునుండి నంబరు రాలేదని తెలియవలెను. ఎవ్వరును ఈయనందున లాప్‌టాపు తనంతట తానే యొక నంబరు తగిలించుకొనినది. అట్టి నంబరుతో ఇంటిలోపల తిరుగవచ్చునేమో గాని వీధి దాటలేదు. రౌటరును ఆపి వేసి, పైన చెప్పినట్లు వైఫైని మఱచి కలిపినచో తఱచుగా సరియైన నంబరు వచ్చును. అచ్చటనే ‘ఐపీ అసైన్‌మెంట్’ అనుచోట ‘ఆటోమేటిక్’ అని యుండవలెను. పూర్వము కార్యాలయములోనో హాస్టలులోనో ఎవరైన ‘మాన్యువల్’ అని మార్చియుంచినచో అదియే దోషము.

ఏడవది, పేర్ల పట్టిక. మనము పుటలను పేర్లతో పిలుతుము. యంత్రములు నంబర్లతో పిలుచుకొనును. పేరునకు నంబరు చెప్పు సేవను డీఎన్ఎస్ అందురు. ఇచ్చట మనము సంతోషముతో చెప్పుకొనదగిన సంగతి యొకటి గలదు. ఇంటర్నెట్టు ఇంకను శైశవములో నున్నప్పుడు లోకములోని యంత్రముల పేర్లు, నంబర్లు అన్నియు నొకే పట్టికలో నుండెడివి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూటులో ఆ పట్టికను కాపాడు కార్యాలయమును 1970 దశకము మొదలు 1989 వఱకు నడపినది ఎలిజబెత్ ఫైన్‌లర్ అను మహిళ. క్రొత్త యంత్రము చేరిన ప్రతివారు ఆమె కార్యాలయమునకు తెలిపి పేరు వ్రాయించుకొనెడివారు. యంత్రములు పెరిగి ఒక పట్టిక చాలనందున 1983లో పాల్ మోకపెట్రిస్ అను నాయన ఆ పనిని అనేక యంత్రములకు పంచిపెట్టు నేటి పద్ధతిని రూపొందించెను.

పట్టిక చెప్పువాడు పలుకనిచో దారి బాగుండియు పేర్లు తెలియక పుటలు తెఱచుకొనవు. పరీక్ష యిట్లు చేయుడు. వెదకు గడిలో సి, ఎమ్, డి అను మూడు ఇంగ్లీషు అక్షరములు కొట్టిన నల్లని గడి యొకటి తెఱచుకొనును. అందులో పి, ఐ, ఎన్, జి అను నాలుగక్షరములను కలిపి కొట్టి, కొంచెమెడమిచ్చి 8.8.8.8 అని కొట్టి ఎంటర్ నొక్కుడు. ‘రిప్లయ్ ఫ్రమ్’ అని నాలుగు వరుసలు వచ్చినచో దారి తెఱచియున్నది. దోషము పేర్ల పట్టికలో గలదు. అప్పుడు వైఫై సెట్టింగులలో ‘డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్’ అను చోట ‘మాన్యువల్’ అని యెంచి, ఐపీవీ4 క్రింద 8.8.8.8 అని గాని 1.1.1.1 అని గాని వ్రాసి భద్రపఱచుడు. మొదటిది గూగులువారు 2009 నుండియు, రెండవది క్లౌడ్‌ఫ్లేర్‌వారు 2018 నుండియు ఎల్లరకు నుచితముగా నిచ్చుచున్న పట్టిక.

ఇంకొక మాట. పిల్లలు అర్ధరాత్రివఱకు మేల్కొనుచున్నారని ఇంటిలో నెవరైన రౌటరులో వారి లాప్‌టాపునకు వేళలు విధించి యుండవచ్చును. విధించినవారు మఱచిపోయియుందురు. అన్నిటికి వచ్చి, ఆ యొక్క యంత్రమునకు ప్రతిదినము ఒకే వేళకు ఆగిపోవుచున్నచో ఇంటిలోనివారిని అడుగుడు.

ఇవేవియు పనిచేయనిచో ‘నెట్‌వర్క్ రీసెట్’ అనునది కలదు. సెట్టింగులలో ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’ క్రింద నుండును. అది ఇంటర్నెట్టునకు సంబంధించిన అమరికలన్నిటిని మొదటి స్థితికి తెచ్చును; వైఫై పాస్‌వర్డులన్నియు మఱచిపోవును; మీ ఫొటోలను, కాగితములను ముట్టదు. ఇది రౌటరు రంధ్రమును పొడుచుటవంటిది గాదు, లాప్‌టాపునకే సంబంధించినది. దీనికిని లొంగనిచో అప్పుడు దుకాణమునకు పోవుట న్యాయము.

బయటి వైఫై

హాస్టళ్లలో, ఆసుపత్రులలో, రైల్వే స్టేషనులలో వైఫై కలియును గాని ఇంటర్నెట్టు రాదు. అచ్చట అది దోషము గాదు, కాపలా. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనుతో ఆరంభమై అనేక స్టేషనులకు వ్యాపించిన ఉచిత వైఫై కూడ నిట్టిదే. ముందుగా నొక పుట వచ్చి మన ఫోను నంబరడుగును. ఆ నంబరునకు వచ్చిన ఓటీపీని వ్రాసిన పిమ్మటనే తలుపు తీయును. ఆ పుట దానంతట రానిచో బ్రౌజరు మూసి మఱల తెఱువుడు, లేక వైఫైని విడిచి మఱల కలుపుడు. వీపీఎన్ ఉన్నచో ఆపుడు. ఇట్టి చోట్ల బ్యాంకు పనులు చేయకుండుట మేలు.

గడువు దగ్గఱపడినప్పుడు

దోషమును వెదకుట యొక పని, దరఖాస్తు పంపుట యొక పని. గంటలో గడువున్నప్పుడు మొదటిదానిని ప్రక్కకు పెట్టుడు. ఫోనులో డేటా యున్నచో ఆ ఫోనునే చిన్న రౌటరుగా చేసికొనవచ్చును. ఫోను సెట్టింగులలో ‘హాట్‌స్పాట్’ తెఱచి, లాప్‌టాపు వైఫై పట్టికలో కనబడు ఫోను పేరును ఎంచి, ఫోనులో చూపిన పాస్‌వర్డు వ్రాసినచో చాలును. దరఖాస్తునకు పట్టు డేటా స్వల్పము. అయితే లాప్‌టాపు ఇదే సందని తన పెద్ద పెద్ద అప్‌డేట్లు తెచ్చుకొనకుండుటకు ఆ వైఫై సెట్టింగులలో ‘మీటర్డ్ కనెక్షన్’ అనుదానిని వేయుడు. మన సోదరిని మోసపుచ్చిన ఫోనే ఆ రాత్రి ఆమె బిడ్డ దరఖాస్తును పంపగలిగియుండెడిది. ఈ మాట వ్రాయుచుండగా మాకును బాధగా నున్నది. చదివినవారిలో ఒక్క తల్లికైనను ఇది వేళకు జ్ఞప్తికి వచ్చినచో చాలును.

హాట్‌స్పాట్ మఱియొక పరీక్షకును ఉపకరించును. దానితో లాప్‌టాపు చక్కగా పనిచేసినచో లాప్‌టాపులోని వైఫై భాగము ఆరోగ్యముగా నున్నట్లే. అది మార్చవలెనని చెప్పువారికి డబ్బు ఇయ్యనక్కఱలేదు.

ఎవరిని పిలువవలెను?

ఇంటర్నెట్టు ఆగిపోయిన వేళ కంపెనీవారి ఫోను నంబరును గూగులులో వెదకి, మొదట కనబడినదానికి ఫోను చేయుట ప్రమాదకరము. మోసగాండ్రు తమ నంబర్లను కంపెనీల పేర్లతో అచ్చట పెట్టుచున్నారు. వారు మర్యాదగా మాటలాడుదురు. ‘అమ్మా, మీ లైను నేను ఇచ్చటినుండియే సరిచేసెదను, ఈ చిన్న యాప్ వేసికొనుడు’ అందురు. అది మన తెరను వారికి చూపు యాప్. పిమ్మట ఒక్క రూపాయి కట్టుడందురు, ఓటీపీ యడుగుదురు. బ్యాంకు ఖాతా ఖాళీయగును. నంబరును మీ బిల్లుమీదనుండియో కంపెనీవారి స్వంత యాప్‌నుండియో మాత్రమే తీసికొనుడు. లైను సరిచేయువారికి మీ ఓటీపీతోను, బ్యాంకు పాస్‌వర్డుతోను పనియే లేదు. అడిగినవాడు మోసగాడని తలచి ఫోను పెట్టివేయుడు. ఒకవేళ డబ్బు పోయినచో సిగ్గుపడి దాచిపెట్టక ఆ క్షణముననే 1930 అను నంబరునకు ఫోను చేయుడు. అది సైబరు నేరములకై కేంద్ర ప్రభుత్వమువారు ఏర్పఱచినది. ఎంత త్వరగా తెలిపిన ఆ డబ్బును దారిలో ఆపుటకు అంత అవకాశముండును.

నిజమైన కంపెనీవారితో మాటలాడునప్పుడు ‘నెట్ రాలేదు’ అని మాత్రమే చెప్పిన వారు వరుసగా నన్నియు చేయించి ప్రొద్దుపుచ్చుదురు. దానికి మాఱుగా ఇట్లు చెప్పుడు: “చందా ఉన్నది. పెట్టెను ఆపి వేసితిని. లాస్ దీపము ఎఱ్ఱగా నున్నది. డేటా ఆపిన ఫోనుకును రాలేదు.” ఈ నాలుగు మాటలు విన్నవారు తెలిసినవారితో మాటలాడుచున్నామని గ్రహించి, మనుష్యుని పంపుట కుపక్రమింతురు. ఫిర్యాదు నంబరు తప్పక అడిగి వ్రాసికొనుడు.

బీరువా తలుపునకు అంటింపవలసినది

ఒక కాగితముమీద ఈ క్రిందివి వ్రాసి బీరువా తలుపు లోపలివైపున అంటించి యుంచుడు.

1. ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు.
2. కంపెనీవారి ఖాతా నంబరు, బిల్లుమీది ఫోను నంబరు.
3. చందా ముగియు తేదీ. దానికి మూడు దినముల ముందే కట్టవలెను.
4. వరుస: ఫోనులో డేటా ఆపి చూచుట, చందా, దీపములు, 30 సెకండ్లు ఆపి వేయుట, లాప్‌టాపు రీస్టార్ట్, తేదీ, మఱచి కలుపుట.
5. గడువు గంటలో నున్నచో ముందు హాట్‌స్పాట్.
6. ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదు. మోసము జరిగినచో 1930.

అన్నియు బాగుగా నున్న యొక తీరిక దినమున, పెట్టెమీది యే దీపము ఏ రంగులో వెలుగుచున్నదో ఫోనుతో ఫొటో తీసి యుంచుకొనుడు. చెడిన నాడు దానితో పోల్చి చూచినచో తేడా ఇట్టే తెలియును. హాట్‌స్పాట్‌ను కూడ ఆ దినముననే యొకసారి తెఱచి కలిపి చూడుడు. ఇంటిలోని ఆడపిల్లలచేతను, అత్తగారిచేతను చేయించుడు. కంగారులో క్రొత్తపని నేర్చుకొనుట ఎవరికిని సాధ్యము గాదు; నేర్చిన పని మాత్రము కంగారులోను చేతికి వచ్చును.